ముల్లు చెప్పేది సగమే, మిగతా సగం హీటర్ చెబుతుంది

బండి హీటెక్కిందనగానే అందరి చూపూ మీటర్‌లో టెంపరేచర్ ముల్లు మీదికే పోతుంది. హీటర్ ఎవరికీ గుర్తు రాదు. మన ఊళ్లలో ఏడాదికి పది రోజులు కూడా వాడని వస్తువు, అది పనిచేస్తే ఎంత, చేయకపోతే ఎంత అనుకుంటాం. కానీ కూలింగ్ సిస్టమ్‌లో తేడా ఎక్కడుందో పానా ముట్టుకోకుండా, సీట్లో కూర్చునే తేల్చుకోగల పరీక్ష ఏదైనా ఉందంటే అది హీటరే. ముల్లు ఎక్కడుంది, అదే క్షణంలో హీటర్ గాలి వేడిగా వస్తోందా, చల్లగా వస్తోందా? ఈ రెండూ కలిపి చూస్తే అనుమానించాల్సిన భాగాలు సగానికి సగం తగ్గిపోతాయి. ఈ చిన్న పరీక్ష చేయకుండానే రేడియేటర్లు మార్చేసేవాళ్లు చాలామంది. రేడియేటర్ కొత్తదవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

హీటర్ అంటే డ్యాష్‌బోర్డు వెనక దాగిన ఓ చిన్న రేడియేటర్. దాన్ని హీటర్ కోర్ అంటారు. ఇంజన్ హెడ్ (సిలిండర్ల మీది పైభాగం) నుంచి వేడి కూలెంట్, అంటే ఇంజన్ వేడిని మోసుకుపోయే ద్రవం, ఒక హోస్ పైపులో దాంట్లోకి వెళ్లి, రెండో పైపులో వాటర్ పంప్ వైపు తిరిగొస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చాలా కార్లలో ఈ దారి థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచి మూసే వాల్వ్) అదుపులో ఉండదు. థర్మోస్టాట్ మూసుకున్నప్పుడు ముందున్న పెద్ద రేడియేటర్‌కి కూలెంట్ పోదు గానీ హీటర్‌కి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇంజన్ మరిగిపోతున్నప్పుడు హీటర్ నుంచి కాలిపోయేంత గాలి వస్తే, లోపల కూలెంట్ ఉన్నట్టు, పంప్ దాన్ని తిప్పుతున్నట్టు. ఇంజన్ మరుగుతున్నా హీటర్ గాలి చల్లగా ఉంటే కూలెంట్ అక్కడిదాకా చేరడం లేదన్నమాట. రిపేరు ఖర్చులో రెంటి మధ్యా ఉన్న తేడా ఓ ఫ్యాన్ రిలేకీ (ఫ్యాన్‌కి కరెంటు అందించే చిన్న స్విచ్) ఇంజన్ హెడ్‌కీ మధ్య ఉన్నంత. (కొన్ని పాత కార్లలో హీటర్ పైపు మీద కేబుల్‌తో నడిచే కాక్ ఉంటుంది. నాబ్ పూర్తిగా ఎర్ర గీత వైపు తిప్పితేనే అది తెరుచుకుంటుంది. అలాంటి బండిలో పరీక్షకు ముందు ఆ పని చేయాలి.)

ముల్లుని ఎందుకు పూర్తిగా నమ్మకూడదో కూడా చెప్పుకోవాలి. చాలా కార్లలో కూలెంట్ 80 డిగ్రీల దగ్గరున్నా, 105 దగ్గరున్నా ముల్లు కదలకుండా సరిగ్గా మధ్యలోనే నిలబడుతుంది. కాస్త అటూ ఇటూ ఊగితే జనం కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తుతారని కంపెనీలే అలా తయారుచేస్తాయి. చిన్న కార్లలో అసలు ముల్లే ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, చేయి దాటిపోయాక ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం వెలిగేసరికి కూలెంట్ 115 డిగ్రీల చుట్టుపక్కలకి చేరిపోయి ఉంటుంది. అందుకే స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే చోటు) చిన్న బ్లూటూత్ అడాప్టర్ తగిలించి, ఫోన్‌లో అసలు అంకె చూడడం మంచిది. మామూలు కారులో ఆ అంకెలు ఇలా ఉంటాయి: థర్మోస్టాట్ 82 లేదా 88 దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది, బండి సాఫీగా పోతున్నప్పుడు 85 నుంచి 95 మధ్య ఉంటుంది, ఫ్యాన్ 95 నుంచి 100 మధ్యలో ఎక్కడో తిరగడం మొదలై నాలుగైదు డిగ్రీలు తగ్గాక ఆగుతుంది. మోడల్‌ని బట్టి అంకె మారుతుంది, తీరు మాత్రం ఇదే.

ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఏసీ గాలి ఉన్నట్టుండి వేడెక్కితే గ్యాస్ తగ్గిందనుకుని గ్యాస్ నింపించేస్తారు. కూలెంట్ మితిమీరి వేడెక్కినప్పుడు ఇంజన్ మీద భారం తగ్గించడానికి ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఏసీ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. మీటర్‌లో ముల్లు ఇంకా మధ్యలోనే ఉండగా మీకందే మొదటి హెచ్చరిక ఇదే కావచ్చు.

ముల్లు పైన, హీటర్ కూడా వేడిగా

కూలెంట్ తిరుగుతోంది, వేడి మాత్రం బయటికి పోవడం లేదు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హీటెక్కుతోందా, హైవే మీద పరిగెడుతున్నప్పుడా?

ఆగినప్పుడు హీటెక్కి, బండి కదలగానే దిగిపోతుంటే నూటికి తొంభై పాళ్లు ఫ్యాన్‌నే చూడాలి. ఏసీ వేయండి. ఏసీతో పాటు ఫ్యాన్ తిరిగితే మోటార్ బాగుంది, వేడిని బట్టి దాన్ని తిప్పమని చెప్పే దారిలో లోపముంది. ఏసీ వేసినా తిరగకపోతే కూలెంట్ సెన్సర్ కనెక్టర్ పీకి చూడండి. చాలా కార్లలో సెన్సర్ కబురు అందకపోతే ఈసీయూ భయపడి ఫ్యాన్‌ని పూర్తి వేగంతో తిప్పుతుంది. అప్పటికీ కదలకపోతే ఫ్యూజు, రిలే చూసి, మోటార్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే వైరింగ్, తిరగకపోతే మోటార్. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి నల్లబడి ఉంటే మోటార్ బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. అలాంటప్పుడు రిలే ఒక్కటే మారిస్తే అదీ కాలిపోతుంది. రెండు వేగాల ఫ్యాన్లున్న కార్లలో తక్కువ వేగానికి రెసిస్టర్ వాడతారు. అది పోతే ఫ్యాన్ మొదట అసలు తిరగదు, 102 దాటాక ఒక్కసారిగా హోరుమని తిరుగుతుంది. ఇంకో జాగ్రత్త: ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరగవచ్చు. రెక్కల దగ్గర చేయి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి.

హైవే మీద, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, ఏసీ వేసుకున్నప్పుడు హీటెక్కుతుంటే ఫ్యాన్ నేరం కాదు. 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ముందు ఫ్యాన్ ఎంత. అప్పుడు చూడాల్సింది రేడియేటర్. ఎండాకాలం సంగతి లెక్కేసి చూద్దాం. కూలెంట్ 90 డిగ్రీలు, బయటి గాలి 25 డిగ్రీలు ఉంటే మధ్య తేడా 65. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గాలి 45 ఉంటే తేడా 45కి పడిపోతుంది. అదే రేడియేటర్ మూడో వంతు తక్కువ వేడిని వదులుతుంది. దాని ముందున్న ఏసీ కండెన్సర్ ఆ గాలిని ఇంకా వేడిచేసి పంపుతుంది. జనవరిలో కనిపించని లోపం మేలో బయటపడడానికి కారణం ఇదే. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ప్లాస్టిక్ సంచులు పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే అవి కనపడవు. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేడియేటర్ పలచటి రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

లోపలి పూడికకి మన బోరు నీళ్లే ముఖ్య కారణం. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తే, వేడికి అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గీజర్‌లో పట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా పెచ్చు కడతాయి. బండి వేడిగా ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా చూస్తే చల్లటి మచ్చలు దొరుకుతాయి. ఆ మచ్చల దగ్గర గొట్టాలు మూసుకుపోయాయి.

మూత కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రేడియేటర్ మూత నిజానికి ఓ వాల్వ్. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అది బార్ లెక్క. 1 బార్ అదనపు ఒత్తిడిలో మామూలు నీళ్లు 100కి బదులు 120 డిగ్రీల దాకా మరగవు. సగం కూలెంట్, సగం నీళ్లయితే ఇంకా పైకి, 129 దాకా. మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలబడకపోతే కూలెంట్ ముందే మరిగి పక్కనుండే రిజర్వాయర్ డబ్బాలోకి పొంగుతుంది. మూత మధ్యలో చిన్న వెనక్కి లాగే వాల్వ్ ఉంటుంది. అది పట్టేస్తే చల్లారాక రిజర్వాయర్‌లో పోయిన కూలెంట్ తిరిగి రాదు, ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వచ్చే పై హోస్ పైపు నొక్కుకుపోయి కనిపిస్తుంది. రిజర్వాయర్ నిండుగా ఉంది కదా అని ధైర్యంగా ఉండి ఇంజన్ పోగొట్టుకునేది ఇలాంటప్పుడే. రెండు మూడు వందల రూపాయల మూత అది, అనుమానం వస్తే మార్చేయడమే నయం.

ముల్లు పైన, హీటర్ చల్లగా

నాలుగు కలయికల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. కూలెంట్ బాగా తగ్గిపోయింది, లేదా లోపల ఎయిర్ లాక్ పట్టింది (గాలి ఇరుక్కుంది), లేదా పంప్ తిప్పడం లేదు. హీటర్ కోర్ కూలింగ్ సిస్టమ్‌లో ఎత్తుగా ఉండే చోట్లలో ఒకటి కాబట్టి కూలెంట్ తగ్గగానే ముందు ఎండిపోయేది అదే.

ఇక్కడ ఓ మోసం ఉంది, తెలియక ఎంతోమంది నష్టపోయారు. ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లి ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. అమ్మయ్య, చల్లారింది అనుకుని బండి నడుపుతారు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చెప్పగలదు. కూలెంట్ మట్టం దానికంటే కిందికి దిగితే అది గాలిలోనో ఆవిరిలోనో వేలాడుతూ, ఉన్నదానికంటే తక్కువ అంకె చెబుతుంది. ముల్లు పడిపోయి, హీటర్ కూడా చల్లబడితే ఇంజన్ చల్లారలేదు, ఎండిపోయింది. అక్కడికక్కడే ఆపేయాలి.

హీటర్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఓ వెసులుబాటు ఉంది. ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ గరిష్ఠంగా పెట్టి అద్దాలు దించితే ఇంజన్‌కి రెండో రేడియేటర్ దొరికినట్టే. రోడ్డు పక్కన మంచి చోటు దొరికేదాకా నాలుగైదు నిమిషాలు అది కాపాడుతుంది. ఆగాక మూత తీయొద్దు. లోపల ఉన్నది ఒత్తిడి కింద 110 డిగ్రీలకు పైబడిన ద్రవం. మూత వదులు కాగానే ఒక్క క్షణంలో ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం 45 నిమిషాలు ఆగి, పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే, తడి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోయడమూ ప్రమాదమే, అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. చాలా ఇంజన్లలో హెడ్ 0.05 మిల్లీమీటర్లు దాటి వంగితే లేత్‌కి పంపాల్సిందే.

కూలెంట్ ఎక్కడికి పోయిందో తేల్చాలంటే మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి 15 నిమిషాలు చూడాలి. ఒత్తిడి దిగితే లీకుంది. పంప్ కింద చిన్న రంధ్రం దగ్గర ఎండిన రంగు మరకలు కనిపిస్తే పంప్ సీల్ పోయింది. బయట చుక్క కూడా కనపడకుండా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని (హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) అనుమానించాలి. డీజిల్ బండిలో ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే భాగం) కూడా లోపలే పగిలి కూలెంట్‌ని పొగగొట్టంలోకి పంపుతుంది. దాన్ని చూడకుండా హెడ్ విప్పించుకోవద్దు.

హెడ్ గ్యాస్కెట్‌కి నమ్మదగిన గుర్తు ఇది: రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే అది వేడి వల్ల వచ్చిన ఒత్తిడి కాదు, సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి చొరబడుతోంది. రూఢి చేసుకోవడానికి నీలం రంగు పరీక్ష ద్రవం దొరుకుతుంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలిని దాని గుండా పీలిస్తే, కార్బన్ డయాక్సైడ్ ఉంటే అది పసుపుగా మారుతుంది. ఆయిల్ మూత కింద కాస్త మీగడలాంటిది కనపడినంత మాత్రాన గ్యాస్కెట్ పోయినట్టు కాదు. చలికాలంలో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో తేమకే అది పడుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా పాలరంగు ఉంటేనే కంగారుపడాలి.

రేస్ ఇస్తే హీటర్ వేడిగా, ఐడిల్‌లో వదిలేస్తే చల్లగా వస్తుంటే కూలెంట్ కాస్త తగ్గి ఉండాలి, లేదా పంప్ రెక్కలు అరిగి ఉండాలి. ప్లాస్టిక్ ఇంపెల్లర్ (రెక్కల చక్రం) ఉన్న పంపుల్లో ఆ ఇంపెల్లర్ షాఫ్ట్ మీద జారిపోవడం కూడా జరుగుతుంది.

ముల్లు కింద, హీటర్ గోరువెచ్చగా

ఇది దాదాపు ఎప్పుడూ థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడమే. హైవే మీద కూలెంట్ 60, 70 దగ్గరే తచ్చాడుతూ ట్రాఫిక్‌లో ఆగితే 90కి చేరుతుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. చాలా బండ్లలో ఈసీయూలో పీ0128 అనే లోపం కోడ్ కూడా వస్తుంది. ఇంత దూరం నడిచాక ఇంత వేడెక్కాలి అని ఈసీయూ లెక్కేసుకుని, అది జరగకపోతే ఆ కోడ్ వేస్తుంది. కోడ్ చూసి సెన్సర్ మార్చేస్తుంటారు, పనికిరాదు. బానెట్ ఎత్తి చేత్తోనే పరీక్షించవచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పై హోస్ పైపు మీద చేయి ఉంచండి. థర్మోస్టాట్ బాగుంటే కూలెంట్ 80 దాటేదాకా పైపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషాల నుంచే పైపు ఇంజన్‌తో పాటు మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే అది మూసుకోవడం లేదు. (కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు, పంప్ దగ్గర ఉంటుంది. అక్కడ కింది పైపుని చూడాలి.) విప్పి తీస్తే గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, అడుగుకి తగలకుండా, థర్మామీటర్ పెట్టి మరిగించండి. దాని మీద ముద్రించిన అంకె దగ్గర కదలాలి, ఇంకో 12, 15 డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి.

“మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, తీసేస్తే బండి చల్లగా ఉంటుంది” అనే మాట గ్యారేజీల్లో చాలా గట్టిగా నాటుకుంది. అది తప్పు. థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కడానికి అరగంట పడుతుంది. అంతసేపూ ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీంచి ఆయిల్‌లోకి దిగుతుంది. బీఎస్-6 డీజిల్‌లో ఇంజన్ తగినంత వేడెక్కకపోతే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తనను తాను శుభ్రం చేసుకోదు, మూసుకుపోతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ చాలామందికి తెలియదు. ఎన్నో ఇంజన్లలో థర్మోస్టాట్‌కి రెండు ముఖాలుంటాయి. ఒకటి రేడియేటర్ దారి తెరుస్తుంటే, రెండోది అదే సమయంలో బైపాస్ దారి మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. చల్లగా ఉండాలని తీసేసిన బండి, ఎత్తు మీద, లోడు మీద మరింత హీటెక్కుతుంది.

సెన్సర్‌ని అనుమానించే ముందు ఓ తేలికైన పరీక్ష చేయొచ్చు. రాత్రంతా నిలిపిన బండిలో, స్టార్ట్ చేయకుండా, కీ ఆన్ చేసి స్కానర్‌లో (పైన చెప్పిన ఓబీడీ అడాప్టర్ చాలు) కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి చూడండి. రెండూ మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి 27, ఇంకోటి 48 అంటే సెన్సర్ అబద్ధమాడుతోంది. మైనస్ 40 చూపిస్తే వైరు తెగింది. చాలా కార్లలో వాడే రకం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు, 80 దగ్గర 320, 100 దగ్గర 190 చూపుతుంది. వేడెక్కేకొద్దీ ఓములు ఎంత దగ్గర దగ్గరగా వస్తున్నాయో గమనించండి. పచ్చబట్టిన కనెక్టర్ ఓ 130 ఓములు అదనంగా కలిపితే, 100 డిగ్రీల ఇంజన్ ఈసీయూకి 80 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఫ్యాన్ తిరగదు. సెన్సర్ మంచిదే, పిన్నులు శుభ్రం చేస్తే సరిపోయేది.

ముల్లు మధ్యలో, హీటర్ చల్లగా

ఇంజన్ క్షేమం, లోపం హీటర్‌లోనే. అరకు వెళ్లే కుటుంబానికి ఇది చిన్న ఇబ్బంది. మిన్నియాపొలిస్‌లోనో టొరంటోలోనో ఉన్న తెలుగువాళ్లకి అద్దం మీద మంచు కరగకపోతే ఎదుటి రోడ్డే కనపడదు. ఇంజన్ బాగా వేడెక్కాక, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ఇంజన్ వెనక గోడలోకి వెళ్లే రెండు సన్నటి హోస్ పైపుల వేడి చూడండి. రెండూ వేడిగా ఉంటే కోర్‌లో కూలెంట్ తిరుగుతోంది, గాలిని కోర్ మీదికి మళ్లించే తలుపుగానీ దాని మోటార్‌గానీ పట్టేసింది. నాబ్ తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు లోపల టకటకమని వినిపిస్తే ఆ మోటార్ పళ్లు అరిగాయి. ఒకటి 85, ఇంకోటి 50 ఉంటే కోర్ పూడుకుపోయింది. బాగున్న కోర్‌లో తేడా 10, 15 డిగ్రీలు దాటదు. రెండు పైపులూ విప్పి, కూలెంట్ బయటికొచ్చే వైపు నుంచి తోట పైపుతో మెల్లగా నీళ్లు పంపాలి. బురద వస్తుంది, తేటనీరు వచ్చేదాకా తిప్పి తిప్పి చేయాలి. కంప్రెసర్ గాలి పెట్టొద్దు, కోర్ పగిలితే డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి. లోపల అద్దం మీద జిడ్డు పొర, తియ్యటి వాసన, ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే కోర్ అప్పటికే పగిలింది. ఏసీ నీరు తేటగా ఉంటుంది, కూలెంట్ వేళ్లకి జిడ్డుగా అంటుతుంది.

మళ్లీ నింపేటప్పుడు

ఏ రిపేరైనా చివరికి కూలెంట్ నింపడంతో ముగుస్తుంది. సగం రిపేర్లు పాడయ్యేదీ ఇక్కడే. డబ్బా మీద “రెడీ టు యూజ్” అని ఉంటే అందులో నీళ్లు కలపకూడదు. కాన్సన్‌ట్రేట్ అని ఉంటే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపాలి. ఆ మిశ్రమం మైనస్ 37 దాకా గడ్డకట్టదు. చిక్కగా ఉంటే మంచిదని కాన్సన్‌ట్రేట్ మొత్తం పోస్తే వేడి మోసుకుపోయే శక్తి తగ్గుతుంది, పైగా మైనస్ 13కే గడ్డకట్టడం మొదలవుతుంది. రంగు చూసి కలపొద్దు. ఏ రకానికి ఏ రంగు అని నియమమేదీ లేదు. మాన్యువల్‌లో రాసిన రకమే చూడాలి.

ఎంత దించారో కొలుచుకోండి. నాలుగు లీటర్లు దించి మూడే పట్టాయంటే మిగతా లీటరు చోట్లో గాలి ఉంది. బండి ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, సన్నటి ధారగా పోయాలి. మూత తెరిచి ఉంచి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, పై కింది పైపులు చేత్తో పిసుకుతుంటే బుడగలు పైకొస్తాయి. మట్టం దిగినకొద్దీ పోస్తూ, అది పైకి పొంగడం మొదలవగానే మూత బిగించేయాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా, హీటర్ గాలి ఐడిల్‌లో కూడా నిలకడగా వేడిగా వచ్చేదాకా ఇంజన్ ఆపొద్దు. మర్నాడు పొద్దున, పూర్తిగా చల్లారాక, మూత తీసి మళ్లీ చూడాలి. రాత్రికి రాత్రి అరలీటరు దాకా దిగడం మామూలే. మూడో రోజు కూడా దిగుతుంటే ప్రెషర్ టెస్టర్ మళ్లీ బయటికి తీయాల్సిందే.